ఎడమ చేతి ప్యాడ్

అట్టపెట్టె మూత తీయగానే గదంతా కొత్త చెప్పుల కొట్టు వాసన కమ్ముకుంది. పెట్టె కొత్తదీ కాదు, లోపలి సరుకు కొత్తదీ కాదు, మరిది ఎవరినో బతిమాలి ఎక్కణ్ణుంచో మోసుకొచ్చిన ఎలక్ట్రానిక్ డ్రమ్స్, అయినా రబ్బరుకి ముసలితనం రాదేమో, నిన్న పుట్టినట్టే వాసనేస్తోంది. ఆమె నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీసింది. గుండ్రటి నల్ల ప్యాడ్లు, ఇనప గొట్టాలు, చిక్కులు పడ్డ వైర్లు, అన్నిటికీ అడుగున ఆ వైర్లన్నీ వచ్చి చేరాల్సిన డబ్బా. మాడ్యూల్ అనాలట దాన్ని. ప్యాడ్ మీద కొడితే ప్యాడ్ మోగదు, దెబ్బ తగిలిందన్న కబురు మాత్రం వైరులోంచి పరిగెత్తుకుంటూ వెళ్లి డబ్బాకి చెబుతుంది, ఎంత గట్టిగా తగిలిందో కూడా చెబుతుంది, అప్పుడు డబ్బా తన దగ్గరున్న శబ్దాల్లోంచి ఒకటి తీసి వినిపిస్తుంది, అదీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మనిషికే. పక్కనున్న వాళ్లకి రబ్బరు మీద పుల్ల తగిలిన టపటప తప్ప ఇంకేం ఉండదు. కింది వాటాలో ఉండే పిన్నిగారికి ఈ ముక్క పొద్దున్నే చెప్పి వచ్చింది. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, "డ్రమ్సూ అంటావు, చప్పుడు ఉండదూ అంటావు, నన్ను మరీ అమాయకురాల్ని చేస్తున్నావేమ్మా" అంది. వినిపిస్తే మీరే పైకొచ్చి ఆపెయ్యండి పిన్నిగారూ అంటే, వస్తానమ్మా, తప్పకుండా వస్తాను, అని మాట కూడా ఇచ్చింది.

గంట టైముంది. మరిది ఆయన్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్లాడు, వాళ్లు తిరిగొచ్చేలోపు ఇవన్నీ నిలబడి మాట్లాడాలి. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ ఆయన అన్న మాట ఇంకా అక్కడే ఉన్నట్టుంది. "ఒక్కసారి కూర్చుంటాను, వీడి పోరు పడలేక. చెయ్యి పలక్కపోతే మాత్రం ఇంక ఆ ఊసెత్తకండి, ఇద్దరూ." విసుక్కుంటూ అనలేదు, నవ్వుతూనే అన్నాడు, అదే ఆమె భయం. ఆయన కోపంగా అన్న మాటలు సాయంత్రానికి ఆయనకే గుర్తుండవు, నవ్వుతూ అన్నవి మాత్రం తిరిగి తీసుకోడు. నవ్వుతూ సిగరెట్లు మానేశానన్నాడు, మానేశాడు. నవ్వుతూ మీ పెదనాన్న గడప ఇంక తొక్కనన్నాడు, తొక్కలేదు. ఫ్యాను రెక్కలు తుడుస్తానని కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కినప్పుడూ నవ్వుతూనే, పడితే పట్టుకుందువుగానిలే అన్నాడు, పడనే పడ్డాడు, ఆమె పట్టుకునేంతలో ఎడమ చెయ్యి ముందుగా నేలని తాకింది. ఎముక అతుక్కుంది కానీ మణికట్టు దగ్గర నరం నలిగింది. వాడుతూ ఉంటే దారిలోకొస్తుంది, వాడకపోతే మొద్దుబారిపోతుంది అన్నాడు డాక్టరు. పిసకమని ఇచ్చిన మెత్తటి బంతి సోఫా వెనక దుమ్ము కొట్టుకుపోతోంది. ఫిజియోథెరపీ దగ్గర వాళ్లు ఆడిస్తే చెయ్యి ఆడుతుంది, ఇంటికొచ్చాక మాత్రం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు, పొరుగింటి పిల్లని కాసేపు చూస్తూ ఉండమని అప్పగించినట్టు.

గొట్టాలు ఒకదాన్లో ఒకటి దూర్చి మరలు బిగించింది, ప్యాడ్లు తగిలించింది, నడుమ స్నేర్, దాని పైన చిన్న టామూ పెద్ద టామూ, ఎడమ పక్కన హై-హ్యాట్, కుడి పక్కన సింబల్, కింద కాలితో తొక్కే కిక్. ఏది ఎక్కడుండాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఇన్నేళ్లు కచేరీ హాళ్లలో మూడో వరసలో కూర్చుని, ఆయన డ్రమ్స్ వాయిస్తుంటే మోచేతులు ఎటు తిరుగుతాయో చూస్తూనే ఉంది కదా, పాటలు వినేవాళ్లు పాటలు విన్నారు, ఆమె మోచేతులు చూసింది. వైర్లకి చీటీలు అంటించి ఉన్నాయి. ఒక్కోదాన్నీ చీటీ ప్రకారం గుచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పెద్ద టామ్ మీద పుల్లతో ఒక్కటిచ్చింది. సింబల్ చెవిలో ఛల్లుమంది. సింబల్ మీద కొడితే కిక్ దుబ్బుమంది. ఎవరో మహానుభావుడు చీటీలు తనకి తోచినట్టు అంటించాడు, లేదా దీని పాత యజమాని ఇంటి మీద కోపం దీని మీద చూపించాడు. ఒక్కతే పకపకా నవ్వింది. ఎన్నాళ్లయింది ఈ ఇంట్లో ఇలా నవ్వి. చీటీలన్నీ పీకేసి, ఒక్కో ప్యాడూ తడుతూ, ఒక్కో వైరూ మార్చి చూస్తూ, ఎవరి గొంతు వాళ్లకి అప్పగించింది. స్నేర్ ఒక్కటే మొండికేసింది. నడుమ కొడితే పలుకుతోంది, అంచు మీద కొడితే ఉలుకూ లేదు పలుకూ లేదు. పిన్ను తీసి వెలుతురులో పెట్టి చూసింది. ఒకే నల్ల గీత. తను పనిచేసే క్లినిక్‌లోనూ ఇంతే, రెండు గీతలున్న పిన్ను రెండు కబుర్లు మోస్తుంది, ఒక గీత ఉన్నది ఒక్కటే మోస్తుంది, పాపం దాన్ని అని ఏం లాభం. కిక్‌కి గుచ్చిన వైరు పిన్నుకి రెండు గీతలున్నాయి, కిక్‌కి అంచుతో పనేముంది, రెండూ అటూ ఇటూ మార్చింది. స్నేర్ అంచు టక్కుమంది. కిటికీలోంచి ఎండ వచ్చి సరిగ్గా ఆ ప్యాడ్ మీద పడింది, ఆమెకి ఎందుకో చాలా బాగుంది, సెలవు పెట్టి మంచి పని చేశాననుకుంది.

ఆమె పని చెవులు పరీక్షించడం. చెవుల డాక్టరు గారి క్లినిక్‌లో, మందపాటి గోడల గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించి, చేతికి బటన్ ఇచ్చి, తను అద్దానికి ఇవతల కూర్చుంటుంది. ఒక కూత వదులుతుంది, వినిపిస్తే నొక్కాలి, తగ్గిస్తుంది, నొక్కాలి, ఇంకా తగ్గిస్తుంది, ఎక్కడో ఒకచోట ఆ మనిషి చెవి ఆగిపోతుంది, అదీ ఆ చెవి గడప. ఈ డబ్బాలోనూ గడప ఉంది, త్రెషోల్డ్ అని రాసుంది, పేరు చూడగానే చుట్టాన్ని చూసినట్టయింది. డ్రమ్మర్లకి చెవులు తొందరగా పోతాయని ఎవరో భయపెడితే ఆయన ఆ గదిలోకే వచ్చాడు, జుట్టు నుదుటి మీద పడుతూ, సన్నగా, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. అన్ని కూతలకీ నొక్కాడు. ఎంత తగ్గించినా నొక్కాడు. గబ్బిలానికైనా అన్ని వినిపించవు. అనుమానమొచ్చి ఏ కూతా వదలకుండా ఊరికే కూర్చుంది, అప్పుడూ నొక్కాడు. తలుపు తీసుకుని వెళ్లి, ఏంటండీ ఈ పని, వినపడకుండానే నొక్కుతున్నారు, ఇక్కడ బహుమతులేం ఇవ్వరు, అని దులిపేసింది. ఆయన బిక్కమొహం వేసి, "మీరు తాళం తప్పకుండా వేస్తున్నారండీ. తర్వాతది ఎప్పుడొస్తుందో ముందే తెలిసిపోతోంది. చెయ్యి దానంతటదే నొక్కేస్తోంది, నేనేం చెయ్యను" అన్నాడు. అన్నాళ్లుగా ఆ పని చేస్తూ ఆ సంగతి ఆమెకే తెలియదు. మళ్లీ కూర్చోబెట్టి ఈసారి ఒకటి వెంటనే, ఒకటి ఆలస్యంగా, ఇష్టమొచ్చినట్టు వదిలింది, అప్పుడు తేలింది ఆయన చెవి గడప. మంచి చెవే. ఇప్పటికీ ఎవరికైనా కూతలు వదిలేటప్పుడు తాళం తప్పించే వదులుతుంది, ప్రతిసారీ లోపల కొంచెం నవ్వుకుంటుంది. ఈ మనిషికి దొంగ శబ్దం వినిపించలేం అనుకుంది ఆ రోజు. పెళ్లి చేసుకోవచ్చు అని కూడా అదే రోజు అనుకుంది, కానీ అది ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు, చెబితే నెత్తినెక్కి కూర్చుంటాడు.

ఇప్పుడు అసలు పని. స్నేర్. కుడి చెయ్యి హై-హ్యాట్ మీద టిక్కు టిక్కుమంటూ పోతుంటే మధ్యలో పడే బలమైన దెబ్బ ఎడమ చేతిది, అది పడేది స్నేర్ మీద, అది పడకపోతే పాట నడుము విరిగినట్టే. ఆ చేతికి ఇప్పుడు బలం లేదు. అందుకే ఈ డబ్బా కావాలంది ఆమె, మరిది అందుకే తిరిగి తిరిగి తెచ్చాడు, అసలు డ్రమ్స్ హాల్లో దుప్పటి కింద ఉన్నాయి, వాటికి దయా దాక్షిణ్యం లేదు, ఎంత కొడితే అంతే పలుకుతాయి. ఇది మాత్రం చెప్పినట్టు వింటుంది. సెన్సిటివిటీ అన్న చోటికి వెళ్లి అంకె తగ్గించింది, ఇంకా తగ్గించింది, తన ఎడమ చేత్తో మెల్లగా తట్టి చూసింది, ఏమీ లేదు, గట్టిగా తట్టింది, ఎక్కడో పక్క వీధిలో కొట్టినట్టుంది. ఇదేంట్రా దేవుడా, డబ్బాకి కూడా నరం నలిగిందా అనుకుని ఇంకా తగ్గించింది, ఉన్నదీ పోయింది. అప్పుడు తట్టింది బుర్రకి. క్లినిక్‌లో అంకె ఎంత చిన్నదైతే చెవి అంత మంచిది, చిన్న అంకె చూస్తే చెయ్యి దానంతటదే సంతోషపడుతుంది. ఇక్కడ సెన్సిటివిటీ అంకె పెరగాలి. పెంచింది. త్రెషోల్డ్ మాత్రం పాత అలవాటు ప్రకారమే, ఎంత తగ్గితే అంత చిన్న దెబ్బా వినిపిస్తుంది, దాన్ని అడుక్కి దింపేసింది, దింపగానే కింద పిన్నిగారు తలుపు వేసుకుంటే ఇక్కడ స్నేర్ ఠక్కుమంది. లేచి రెండడుగులు వేస్తే అడుగుకొకటి చొప్పున మోగింది. మరీ గాలి కబుర్లు కూడా నమ్మేస్తోంది, కొంచెం పైకి జరపాలి. జరిపింది.

ఆ చెయ్యి ఇంట్లో చేసిన గోల తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. భోజనానికి కూర్చుంటే కంచం అంచు మీద, బస్సెక్కితే ముందు సీటు కడ్డీ మీద, బట్టల కొట్లో బల్ల మీద, నిద్రపట్టే ముందు ఆమె వీపు మీద, పడుకోనివ్వరా బాబూ అని అరిచేది, ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టేవాడు, అదీ కొత్త పాట తాళమట, వీపు మీద వేస్తే బాగా కుదురుతుందట. ఒకసారి అత్తగారి దగ్గరికెళ్లి, మీ అబ్బాయి చేతులు కట్టేసి ఎందుకు పెంచలేదండీ అని అడిగితే, కట్టాను, కాళ్లతో వాయించాడు అందావిడ. ఇప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కుడి చెయ్యి బాగానే ఉంది కదా, దాంతోనైనా తట్టొచ్చు కదా, తట్టడు. ఒక చెయ్యి మానేస్తే రెండోది కూడా మానేసింది. ఆయన వెళ్లి వంటింట్లో నిలబడితే ఉన్నాడో లేడో తెలియట్లేదు ఆమెకి, చెవులతో బతికే మనిషికి ఇంతకన్నా కష్టం ఏముంటుంది. ఆయన బ్యాండ్‌లో వాయించకపోయినా ఫరవాలేదు, కచేరీలకి వెళ్లకపోయినా ఫరవాలేదు, వీపు మీద మాత్రం వాయించాలి.

మెనూ లోపల ఇంకో మెనూ ఉంది, దాని పేరు కర్వ్. దెబ్బకీ శబ్దానికీ మధ్య ఏ లెక్క ఉండాలో అక్కడ చెప్పాలి. మొదటి బొమ్మలో తిన్నగా పైకి ఎక్కే గీత, చిన్న దెబ్బకి చిన్న శబ్దం, పెద్ద దెబ్బకి పెద్దది. జరుపుకుంటూ పోతే చివర్లో ఒక బొమ్మ, గీత ఎక్కడమంటూ లేదు, మొదట్నుంచీ పైనే ఉంది, బల్లపరుపుగా. అది పెట్టి చిటికెన వేలితో తట్టింది. చెవిలో స్నేర్ పిడుగులా పడింది, నిండు హాల్లో, మంచి రోజున, ఆయన ఒళ్లు మరిచి కొట్టినప్పటి దెబ్బ. మళ్లీ తట్టింది. అదే. గోటితో. అదే. ఆయన ఎడమ చెయ్యి ఎలా పడినా ఇదే వినిపిస్తుంది. పలికిందే అనుకుంటాడు, ఇంకో నిమిషం కూర్చుంటాడు, రేపు తనంతట తనే కూర్చుంటాడు, చెయ్యి ఆడుతూ ఆడుతూ నిజంగానే బాగుపడుతుంది, అప్పుడు మెల్లగా గీత మార్చేస్తుంది, ఎవరికి తెలుస్తుంది. క్లినిక్‌లో ఒక బస్సు డ్రైవరు, కొంచెం బాగుందని చెప్పండమ్మా మీ నోటి చలవ అని బతిమాలాడు, లేని చెవిని ఉందని చెబితే వెనక మోగే హారన్ మీకెవరు చెబుతారు అని తిప్పి పంపింది. అది క్లినిక్. ఇది ఇల్లు. ఇంట్లో ఆమె రోజూ అబద్ధాలాడుతూనే ఉంటుంది, ఆయన పెట్టిన టీ బాగుందంటుంది, బట్టతల రాలేదంటుంది. ఇదీ అలాంటిదే. అలాంటిదే అని మూడోసారి కూడా అనుకుంది, అన్నిసార్లు ఎందుకు అనుకోవాల్సి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు. వీధి గేటు కిర్రుమంది. గీత అలాగే బల్లపరుపుగా ఉంచి హెడ్‌ఫోన్స్ తీసేసింది.

"వదినా, పెళ్లికూతుర్ని చేసినట్టు చేశావే!" అంటూ మరిది ముందు వచ్చాడు. ఆయన తర్వాత వచ్చి, డ్రమ్స్ చుట్టూ ఒకసారి తిరిగి, కుడి వైపు సింబల్‌ని కొద్దిగా వంచి, స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమ చేతి వేళ్ల మధ్య పుల్లని కుడి చేత్తో దూర్చుకున్నాడు. ఆమె హెడ్‌ఫోన్స్ తగిలించింది, రోజూ ఎంతమందికో తగిలించేదే, ఈ చెవులకి మాత్రం రెండుసార్లు సర్దింది. కుడి చెయ్యి హై-హ్యాట్ మీద మొదలైంది, రబ్బరు మీద టిక్కు టిక్కు టిక్కు. ఎడమ చెయ్యి లేచింది, లేచీ లేవనట్టు, పడింది. బయటికి ఏమీ వినిపించలేదు. కానీ ఆయన మొహం వెలిగింది. కనుబొమ్మలు పైకి లేచాయి, నోరు కొద్దిగా తెరుచుకుంది, మళ్లీ పడింది చెయ్యి, మళ్లీ, మరిది రెండు పిడికిళ్లూ గాల్లోకెత్తి చప్పుడు కాకుండా గంతులేశాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ ఆ మొహాన్నే చూసింది, అద్దానికి ఇవతల కూర్చుని చూసే అలవాటుతో, అందుకే అది మారడం అందరికన్నా ముందు ఆమెకే కనిపించింది. ఆయన కుడి చెయ్యి ఆపాడు. ఎడమ చేతిలో పుల్లని వదులుగా పట్టుకుని దాని బరువుకి దాన్ని పడనిచ్చాడు. తర్వాత పుల్ల పక్కన పెట్టి ఒక్క వేలితో ప్యాడ్‌ని తాకాడు. హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాడు.

"ఎవరి చెయ్యోయ్ ఇది?" అన్నాడు.

"మీదే కదండీ" అంది, గొంతు ఆమెకే నచ్చలేదు.

"నాది కాదు. నా చెవుల్లో పువ్వులు పెడుతున్నావు, నువ్వు, వేరే ఎవరో కాదు!" కోపం లేదు ఆయన మాటలో, కోపం ఉంటే ఆమెకి కొంచెం తేలిగ్గా ఉండేది. "మంచం పట్టినవాడికి పరిగెత్తుతున్నావని చెబితే లేచి నిలబడతాడా, చెప్పు. దెబ్బ ఎంత పడుతోందో నాకు వినపడాలి. వినపడకపోతే ఈ చేతికి ఎవరు చెబుతారు ఇంకా రావాలని?"

మరిది ఇద్దర్నీ చూసి, "నేను మంచినీళ్లు తెస్తా" అన్నాడు, వెళ్లలేదు. ఆమె డబ్బా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. సిగ్గేసింది. ఇంకోటి కూడా వేసింది, దానికి పేరు తెలియదు, ఇన్ని నెలల తర్వాత ఆయన ఆ చేతి గురించి, ఇంకా రావాలి, అన్నాడు, ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆయనకి తెలిసినట్టు లేదు. గీత వెనక్కి జరిపింది, తిన్నగా ఎక్కే గీత దగ్గరికి. సెన్సిటివిటీ మామూలుగా ఎంతుండాలో అంతకి దించింది. త్రెషోల్డ్ మాత్రం తగ్గించింది, అడుగుల చప్పుడుకి మోగనంత వరకే, అక్కడిదాకా తగ్గించింది. ఎంత చిన్న దెబ్బనైనా వదలకుండా వినాలి, విన్నదాన్ని పెంచి చెప్పకూడదు, అంతే, ఇదే కదా తన ఉద్యోగం, ఇంట్లోకొచ్చేసరికి ఎలా మరిచిపోయిందో. "అయిందండీ" అంది. తల ఎత్తలేదు.

టిక్కు టిక్కు టిక్కు. ఎడమ చెయ్యి లేచింది, పడింది. ఆమె మొహం చూడకూడదనుకుని చూసింది. మబ్బు పట్టింది ఆ మొహం. మళ్లీ పడింది చెయ్యి, ఆలస్యంగా, తాళం దాటిపోయాక. పుల్ల జారి నేల మీద దొర్లింది. మరిది వంగి తీసి వేళ్ల మధ్య పెట్టాడు. అయిపోయింది అనుకుంది ఆమె, అబద్ధమే మేలు, ఆ అబద్ధాన్నే ఇంకొంచెం తెలివిగా ఆడాల్సింది, సగం సగం పెంచాల్సింది, ఎంత బుద్ధి తక్కువ మనిషిని. టిక్కు టిక్కు. చెయ్యి పడింది. టిక్కు టిక్కు. పడింది. ఆయన కళ్లు మూసుకున్నాడు, తల ఎడమ భుజం వైపు వాలింది, దూరంగా ఎవరో పిలుస్తుంటే వినేవాడిలా. పడింది. పడింది. ఉన్నట్టుండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లు ఎంత గట్టిగా మాట్లాడుతున్నారో వాళ్లకి తెలియదు కదా, ఇల్లంతా అదిరేలా అరిచాడు.

"ఉందోయ్! సన్నగా ఉంది! చచ్చు దెబ్బ, నాదే! ఇది నాదే!"

ఆమెకి కళ్లనిండా నీళ్లొచ్చాయి, సంతోషంతోనే, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. కింద తలుపు తెరుచుకున్న చప్పుడైంది, మెట్ల మీద పిన్నిగారి చెప్పులు, డ్రమ్స్‌కి చప్పుడుండదన్నావు, డ్రమ్మర్ సంగతి చెప్పలేదేమ్మా అంటుంది కాబోలు, అననీ. ఆయన ఆపలేదు. తప్పుతూ, వెనకబడుతూ, ఒక దెబ్బ దొరికితే రెండు జారిపోతూ వాయిస్తున్నాడు, కళ్లు తెరవకుండానే మళ్లీ అరిచాడు.

"రేపు ఈ స్నేర్‌ని ఇంకొంచెం నా వైపు వంచాలి! అందట్లేదు!"

"రేపా అన్నా? ఒక్కసారే కూర్చుంటానని..." అని మరిది నోరు తెరవబోయాడు. ఆమె ఒక్క అంగలో వెళ్లి, అరచెయ్యి వేసి అతని నోరు గట్టిగా మూసేసింది.